ప్రత్యర్థి పక్షమున సాక్ష్యము

అసత్యము పలుకరాదని మనకు చిన్ననాడే నేర్పుదురు. ఆ పాఠమును ఆచరించుట కష్టమే గాని, అర్థము చేసికొనుట కష్టము కాదు. అంతకంటె చిక్కైన ప్రశ్న మరియొకటి కలదు. మనలను ఎవరును ఏమియు అడుగలేదు. అబద్ధమాడవలసిన అగత్యము లేదు. ఊరకున్న చాలును, మనకు లాభము కలుగును. కాని మనకు మాత్రమే తెలిసిన నిజమొకటి ఉన్నది. దానిని బయటపెట్టినచో ఆ లాభము మనలను విడిచి, మనతో పోటీపడుచున్న వానికి చేరును. అట్టి వేళ మౌనము దోషమగునా? నోరు విప్పి చెప్పుట ధర్మమా, లేక ధర్మమును మించిన ఔదార్యమా?

ఈ ప్రశ్నకు ఉదాహరణములు మన పురాణేతిహాసములలో కొదువ లేదు. వానిలో కొన్నింటిని ముందు స్మరించుకొందము. కాని ఈ వ్యాసమునకు నేను ఎన్నుకొన్న ఉదాహరణము రాజసభలో జరిగినది కాదు, ఋష్యాశ్రమములో జరిగినది కాదు. పోర్చుగల్ దేశమున ఒక రేవుపట్టణపు వీధులలో, పెట్రోలు వాసన నడుమ జరిగినది. అది యొక మోటారు పందెము. ధర్మవిచారమునకు కార్ల పందెమేమిటని పాఠకులు చిరునవ్వు నవ్వవచ్చును. మద్రాసు చెంత షోలవరపు పాత విమాన మైదానమున ఒకప్పుడు జరిగిన పందెములను చూచిన పెద్దలు మనలో కొందరున్నారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదున హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్తు కార్లు పరుగెత్తగా చూచిన పిల్లలును ఉన్నారు. వారందరికి పందెమనగా వేగము, ధ్వని, వినోదము. అందు సత్యాసత్య విచారమునకు చోటెక్కడిది? ఆ చోటును చూపుటయే నా ప్రయత్నము.

1958వ సంవత్సరపు ప్రపంచ ఛాంపియన్‌షిప్పులో పదునొకండు పందెములుండెను. గెలిచినవానికి 8 పాయింట్లు. తరువాతి నలుగురికి వరుసగా 6, 4, 3, 2. పందెములో కెల్ల వేగముగా ఒక చుట్టు తిరిగినవానికి అదనముగా 1 పాయింటు. ఏడాది పొడుగున వచ్చిన ఫలితములలో మేలైన ఆరింటిని మాత్రమే కూడి లెక్కించుట నాటి నియమము. ఈ అంకెలను పాఠకులు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన. ధర్మసూక్ష్మము కొన్నిమార్లు కూడికలలోను తీసివేతలలోను దాగియుండును.

ఆ యేట కిరీటమునకు పోటీపడినవారు ఇద్దరు ఆంగ్లేయ యువకులు. ఒకడు మైక్ హాథార్న్. ఇటలీ వారి ఫెరారీ కారును నడుపుచుండెను. రెండవవాడు స్టర్లింగ్ మాస్. ఇంగ్లండులో తయారైన వాన్‌వాల్ కారు అతనిది. అంతవరకు బ్రిటన్ దేశస్థుడెవడును ప్రపంచ ఛాంపియను కాలేదు. 1955, 1956, 1957 సంవత్సరములు మూడింటను మాస్ రెండవ స్థానముననే ఆగిపోయెను. ఆ మూడేండ్లును అతనికి పైన నిలిచినవాడు అర్జెంటీనా దేశపు హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. ఆ మహానుభావుడు 1958 నడుమనే పందెములనుండి విరమించుకొనెను. ఇక మాస్‌కు దారి తెరచుకొన్నట్లే యుండెను. ఆ దారిలో మిగిలిన అడ్డు ఒక్క హాథార్న్.

ఆగస్టు 24వ తేదీన పోర్టో నగరమున బోవావిస్టా వీధులలో తొమ్మిదవ పందెము జరిగెను. అది పందెములకై కట్టిన బాట కాదు. ఊరి వీధులే బాట. రాళ్లు పరచిన దారులు, నడుమ ట్రాము పట్టాలు, ఇరుప్రక్కల దీపస్తంభములు, చెట్లు, ఇండ్ల గోడలు. ఒక్కొక్క చుట్టు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు. అట్టివి యాబది చుట్లు. పందెమునకు ముందు హాథార్న్‌కు 30 పాయింట్లు, మాస్‌కు 24 పాయింట్లు ఉండెను.

నాటి పందెములో మాస్‌కు సాటి లేకపోయెను. హాథార్న్ కారు బ్రేకులు క్రమముగా పట్టు సడలిపోయెను. అతడు ఆగి, మరల బయలుదేరి, ఎట్లో రెండవ స్థానమును నిలుపుకొనుచుండెను. కడపటి చుట్లలో మాస్ అతని వెనుకకు వచ్చి చేరెను. తలచినచో అతనిని దాటిపోయి ఒక నిండు చుట్టు వెనుకవేసి యుండవచ్చును, కాని దాటలేదు. సాటివానిని ఆ విధముగా చిన్నబుచ్చుట అతనికి ఇష్టము కాలేదు. ఆ మర్యాద వలన హాథార్న్‌కు కడపటి చుట్టు మిగిలెను. ఆ చుట్టులోనే అతని కారు అదుపుతప్పి గిరగిర తిరిగి, ఇంజను ఆగి, బాటప్రక్కన నిలిచిపోయెను.

కారు ముఖము ఎగువకుండెను. దానిని ఎత్తునకు నెట్టి ఇంజను నడిపింపవలెనని హాథార్న్ చెమటలు క్రక్కుచు పెనుగులాడుచుండెను. అప్పటికే గెలుపు రేఖ దాటి, నెమ్మదిగా తిరిగి వచ్చుచున్న మాస్ ఆ దృశ్యమును చూచెను. ఎత్తునకు నెట్టిన లాభము లేదు, పల్లమునకు త్రిప్పి నెట్టుమని కేకవేసి చెప్పెను. హాథార్న్ అట్లే చేసెను. కారు కాలిబాట మీదుగా పల్లమునకు దొరలి, ఇంజను పట్టుకొనెను. మాస్ గమ్యమును చేరిన ఐదు నిమిషములకు పైగా గడచిన పిమ్మట అతడు రెండవవాడుగా చేరెను.

ఇక్కడ చిక్కు మొదలాయెను. పందెము సాగు దిశకు ఎదురుగా బాటపై కారు నడుపరాదని నియమము. పల్లమునకు దొరలిన హాథార్న్ కారు ఎదురు దిశలోనే పోయెను గదా? కావున అతని ఫలితమును కొట్టివేయవలెనను మాట న్యాయనిర్ణేతల ముందునకు వచ్చెను. రెండవ స్థానమునకు వచ్చిన 6 పాయింట్లు, వేగవంతమైన చుట్టునకు వచ్చిన 1, మొత్తము 7 పాయింట్లు త్రాసులో నూగుచుండెను. అవి పోయినచో హాథార్న్‌కు 30 పాయింట్లే మిగులును. మాస్‌కు నాటి గెలుపుతో 32 పాయింట్లు వచ్చినవి. అనగా ఆ సాయంకాలముననే మాస్ ఛాంపియన్‌షిప్పు పట్టికలో అగ్రస్థానమునకు పోవును. ఇంకను రెండే పందెములు మిగిలియుండెను.

మాస్ చేయవలసిన పని యేమియు లేదు. ఊరకున్న చాలును. అతడు ఊరకుండలేదు. న్యాయనిర్ణేతల యొద్దకు పోయి, హాథార్న్ కారు ఎదురు దిశలో పోయిన మాట నిజమే గాని, అది పందెపు బాటపై కాదనియు, కాలిబాటపై ననియు, తాను కన్నులార చూచితిననియు చెప్పెను. కాలిబాట పందెపు బాట కాదు గనుక నియమభంగము లేదు. వారు ఆ సాక్ష్యమును అంగీకరించిరి. హాథార్న్ పాయింట్లు హాథార్న్‌కే నిలిచెను.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పుదును. సెప్టెంబరు 7న ఇటలీలోని మోంజాలో మాస్ కారు చెడి ఆగిపోయెను. హాథార్న్ రెండవవాడుగా వచ్చెను. కడపటి పందెము అక్టోబరు 19న మొరాకో దేశపు కాసాబ్లాంకాలో జరిగెను. మాస్ గెలిచి, వేగవంతమైన చుట్టును కూడ తిరిగినచో అతని మొత్తము 41 అగును. హాథార్న్ మూడవ స్థానము మించకున్న 40 వద్దనే ఆగును. మాస్ తన పనిని లోపము లేకుండ చేసెను. గెలిచెను, వేగవంతమైన చుట్టును అతనిదే. కాని ఫెరారీ జట్టులోని ఫిల్ హిల్ దారి యిచ్చి హాథార్న్‌ను రెండవ స్థానమునకు పోనిచ్చెను. హాథార్న్ మొత్తము 42 ఆయెను. ఒక్క పాయింటు తేడాతో అతడు బ్రిటన్ దేశపు మొదటి ప్రపంచ ఛాంపియను అయ్యెను. ఆ యేట హాథార్న్ గెలిచిన పందెము ఒక్కటి. మాస్ గెలిచినవి నాలుగు.

పోర్టో పాయింట్లను తీసివేసి లెక్కించినచో హాథార్న్ మేలైన ఆరు ఫలితములు 39 పాయింట్లకే చేరును. మాస్‌కు 41. కావున ఆ సాక్ష్యమునకు వెల యెంత అను ప్రశ్నకు అంకెలలోనే సమాధానమున్నది. దాని వెల ప్రపంచ ఛాంపియను పదవి. ఆ పదవి అతనికి మరెన్నడును దక్కలేదు. 1962లో గుడ్‌వుడ్ అను చోట ఘోరప్రమాదము జరిగి అతని పందెపు జీవితము ముగిసెను. 2020లో తొంబదియేండ్ల వయస్సున అతడు మరణించెను. ఆ సుదీర్ఘ జీవితములో తన సాక్ష్యమును గూర్చి వగచిన వాడు కాడు. తప్పు జరుగుచున్నట్లు తోచినది, వెళ్లి చెప్పితిని అను ధోరణిలోనే మాటలాడెను.

ఈ వృత్తాంతమును చెప్పువారు సాధారణముగా దీనిని మహాత్యాగమని కొనియాడుదురు. నాకు ఈ ప్రశంసయందే సందేహము. త్యాగమనగా నేమి? తనదైన దానిని విడుచుట. పోర్టోలో మాస్ విడిచినది అతనిదేనా? హాథార్న్ నియమభంగము చేయలేదు. కావున ఆ 7 పాయింట్లు న్యాయముగా హాథార్న్‌వే. పొరపాటు పడిన న్యాయనిర్ణయము వలన అవి పోయి, మాస్ అగ్రస్థానమున నిలిచియుండినచో, ఆ అగ్రస్థానము మాస్‌కు దొరికిన సొత్తేగాని మాస్ సొత్తు కాదు. దారిలో దొరికిన పరుల మూటను పోగొట్టుకొన్న వానికి అందించుట దానమగునా? కాదు. అది ఋణము తీర్చుకొనుట.

ఈ భేదము స్పష్టముగా తెలియుటకు అదే క్రీడనుండి రెండేండ్ల వెనుకటి మరియొక సంఘటనను చెప్పెదను. 1956 సెప్టెంబరు 2న మోంజాలో ఆ యేటి కడపటి పందెము జరిగెను. ఫెరారీ జట్టు నాయకుడు ఫాంజియో కారు నడుమ చెడిపోయెను. ఒకని కారును జట్టులోని మరియొకడు తీసికొని నడుపుట ఆ దినములలో నియమమునకు లోబడినదే. ఇటలీవాడైన లుయీజీ ముస్సో బాటప్రక్కకు వచ్చి ఆగినపుడు తన కారును ఇచ్చుటకు సమ్మతింపలేదు. పిమ్మట వచ్చిన పీటర్ కాలిన్స్ అను ఇరువదినాలుగేండ్ల ఆంగ్లేయుడు, తనకును ఛాంపియను అగుటకు కొంత అవకాశము మిగిలియుండగనే, కారు దిగి దానిని ఫాంజియోకు అప్పగించెను. ఫాంజియో రెండవవాడుగా వచ్చి ఛాంపియను అయ్యెను.

ఇది త్యాగము. కారు కాలిన్స్‌ది, అవకాశము కాలిన్స్‌ది. రెండును తనవి గనుకనే ఇచ్చెను. గమనింపవలసిన సంగతి మరియొకటి ఉన్నది. కారు ఇయ్యని ముస్సోను మనము నిందింపగలమా? నిందింపలేము. తన ఊరివారి యెదుట, తన దేశపు పందెమున గెలువవలెనని ఆశించుట అతని హక్కు. త్యాగము చేసినవానిని పొగడుదుము, చేయనివానిని తప్పుపట్టము. కాని పోర్టోలో మాస్ మౌనముగా నుండినచో? లోకము ఎరుగకపోవచ్చును, నిందింపకపోవచ్చును. అయినను అతడు తప్పు చేసినవాడే యగును. చేయకున్న దోషము రానిది త్యాగము. చేయకున్న దోషము వచ్చునది ధర్మము. ఈ రెంటిని ఒకే బుట్టలో వేసి, సత్యము పలికినవానిని దాతయని పొగడుట వలన ఒక అపాయమున్నది. సత్యమును దానమని భావించిన నాడు, దానము చేయుటకు నాకు స్తోమత లేదని తప్పించుకొనువారు పుట్టుదురు.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమున మొగమోటము లేకుండ మాటలాడిరి. యాజ్ఞవల్క్యస్మృతి, విషయమెరిగియు సాక్ష్యము చెప్పనివానిని కూటసాక్షితో సమానముగా నెంచి, పాపమునందును దండనమునందును ఇద్దరికి భేదము లేదన్నది. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు నేటి కర్ణాటకములోని కల్యాణపురమున చాళుక్యుల కాలమున వెలసినవాడు. ఆ గ్రంథమును పదుమూడవ శతాబ్దియందే కేతన తెలుగునకు తెచ్చెను. అబద్ధమాడినవాడును, నిజము దాచినవాడును ఒకే శిక్షకు పాత్రులనుట నేటి మనకు కఠినముగా తోచును. కాని ఆలోచింపుడు. న్యాయమునకు తన కన్నులు లేవు. అది సాక్షుల కన్నులతోనే చూచును. చూచినవాడు రెప్ప మూసికొనినచో న్యాయమే గ్రుడ్డిదగును. అబద్ధము దానిని ప్రక్కదారి పట్టించును. మౌనము గోతిలో పడనిచ్చును. పడినవానికి రెండును ఒక్కటే.

ఇక ఆక్షేపణములు. మొదటిది, తన సాక్ష్యమునకు వెల ఛాంపియను పదవియని మాస్‌కు ఆనాడు తెలియదు గదా, తెలిసియున్న చెప్పియుండునా అని అడుగువారుందురు. నిజమే, ఆగస్టులో నిలిచి అక్టోబరును ఎవడు చూడగలడు? కాని ఆ సాయంకాలపు కూడిక మాత్రము అతనికి తెలియనిది కాదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. సత్యము ఎల్లప్పుడును వెల తెలియక మునుపే పలుకబడును. వెల తేలిన పిమ్మట చెప్పుదమని కాచుకొనువాడు సాక్షి కాడు, వర్తకుడు.

రెండవ ఆక్షేపణము దీనికంటె గట్టిది. మాస్ ఒంటరివాడు కాడు. అతని వెనుక వాన్‌వాల్ యజమాని యున్నాడు, రాత్రులు మేలుకొని కారును సిద్ధపరచిన పనివారున్నారు. వారి ఆశలను కాలదన్నుటకు అతనికి హక్కెక్కడిది? తన సొమ్మైన ఇయ్యవచ్చును గాని పదిమంది సొమ్మును ఇయ్యవచ్చునా? ఈ వాదము మనకు బాగుగా పరిచితము. తనకొరకు అబద్ధమాడని గృహస్థుడు పిల్లల కొరకు ఆడును. తనకొరకు లెక్క దాచని పెద్దమనిషి సంఘము కొరకు దాచును. నా సమాధానము ఇంతకుముందు చెప్పినదే. ఆ లాభము మాస్‌ది కానట్లే అతని జట్టుదియు కాదు. న్యాయముగా వారికి రావలసినది ఆనాటి గెలుపు. అది వారికి వచ్చెను. పరుల సొత్తు మన యింట పదిమందికి పంచినంత మాత్రమున మన సొత్తు కాదు.

మూడవ ఆక్షేపణము: ప్రత్యర్థి పక్షమున మాటలాడువాడు పోటీయందు నిజమైన పట్టుదల కలవాడేనా? దీనికి భారతములోని వికర్ణుడు సమాధానము చెప్పగలడు. ద్రౌపది సభలో ప్రశ్న అడిగినపుడు పెద్దలందరు తలలు వంచుకొనిరి. దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు లేచి, ఆమెను గెలుచుకొనుట న్యాయము కాదనెను. కర్ణుడు అతనిని గద్దించి కూర్చుండబెట్టెను. అట్టి వికర్ణుడు యుద్ధమున పాండవుల పక్షమునకు పోలేదు. అన్న పక్షముననే పోరాడి భీముని చేత మరణించెను. సత్యమున ఒక పక్షము, సమరమున ఒక పక్షము. ఈ రెండును కలిసి ఒక్కని యందు ఉండవచ్చునని వ్యాసుడు ఎరిగెను. మాస్ కూడ హాథార్న్‌కు సాక్ష్యమిచ్చిన పిమ్మట బాటపై అతనికి అంగుళము ఇయ్యలేదు. కాసాబ్లాంకాలో అతడు చేయగల పనిలో ఒక్కటియు చేయక మానలేదు.

కర్ణాటకమున పెరిగిన మన పిల్లలు బడిలో పుణ్యకోటి యను ఆవు కథను చదువుదురు. అదే కథను మన అనంతామాత్యుడు భోజరాజీయమున గోవ్యాఘ్ర సంవాదముగా చెప్పెను. దూడకు పాలిచ్చి వత్తునని పులికి మాట యిచ్చిన ఆవు, మాట ప్రకారము తిరిగివచ్చెను. ఆ కథయందు నాకు గౌరవమున్నను, పోర్టోలో జరిగినది మరియొక తరగతికి చెందినదని తోచును. ఆవు మాట యిచ్చెను. ఆ మాట దానిని కట్టివేసెను. మాస్ ఎవరికిని మాట యియ్యలేదు, ప్రమాణము చేయలేదు. చూచినాడు, అంతే. చూచుటయే ఒక ప్రమాణమని, కంటబడినదెల్ల మనకు అప్పగించిన సొత్తని అనుకొనువాడు మాత్రమే అట్లు నడుచుకొనగలడు.

ఇంతవరకు పరుల కథ చెప్పితిని. ఇపుడు నా కథ చెప్పక తప్పదు. లేకున్న నేను వ్రాసినదే నన్ను వెక్కిరించును. దాదాపు నలుబదియేండ్ల క్రిందట నేను ఒక కార్యాలయమున గుమాస్తాగా నుంటిని. పై ఉద్యోగము ఒకటి ఖాళీకాగా, శాఖాపరీక్ష పెట్టిరి. నాతోడి వాడొకరు, మా వీథివారే, మన తెలుగువారే, నాకంటె నాలుగేండ్లు పెద్ద, ఆ పరీక్ష వ్రాసిరి. గంట కొట్టిన పిమ్మట కాగితములు ఇచ్చెనని ఆయనపై ఆరోపణ వచ్చి, ఆయన వ్రాసినది దిద్దకుండ ప్రక్కన పెట్టిరి. నేను ప్రక్క బల్లపైనే కూర్చుంటిని. గంటకు ముందే ఆయన కాగితములను బల్లపై పెట్టుట చూచితిని. పర్యవేక్షకుడు వానిని ఆలస్యముగా తీసికొనెను. నన్నెవరును అడుగలేదు. నేనును చెప్పలేదు. ఉద్యోగము నాకు వచ్చెను.

ఆ సాయంకాలము మొట్టమొదట మా యింటికి వచ్చినవారు ఆయనయే. చేతిలో మిఠాయి పొట్లము. "పోనీలే తమ్ముడూ, నాకు రాకపోతేనేం, మనవాడికే వచ్చింది" అనిరి. ఆ మిఠాయి నేను తింటిని. ఆయన గుమాస్తాగానే పదవీవిరమణ చేసిరి. ఇప్పుడు లేరు. ఆ నాడు నేను అబద్ధమాడలేదని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకొంటినో లెక్కలేదు. అన్నిసార్లు చెప్పుకొనవలసి వచ్చుటయే ఆ సమాధానము చాలదనుటకు గుర్తు. యాజ్ఞవల్క్యుని మాట కఠినమని పైన వ్రాసితిని. కఠినమే గాని అన్యాయమని నా అనుభవము చెప్పనీయదు.

అందువలననే పోర్టో కథలోని ఒక చిన్న సంగతి నాకు మిక్కిలి ఓదార్పునిచ్చును. ఆ పందెములో మాస్ పోగొట్టుకొన్నది మరియొకటి యున్నది. హాథార్న్ అత్యంత వేగముగా ఒక చుట్టు తిరిగినపుడు, మాస్ జట్టువారు ఆ సంగతిని పలకపై వ్రాసి చూపిరి. 'రెక్' అని వ్రాసిరి. రికార్డు అని భావము. వేగమున పోవుచున్న మాస్ దానిని 'రెగ్' అని, అనగా హాథార్న్ మామూలుగానే నడుపుచున్నాడని చదివెను. ఆంగ్లమున అది ఒక్క అక్షరపు తేడా. కావున ఆ చుట్టును మించుటకు అతడు ప్రయత్నింపలేదు. ఆ ఒక్క పాయింటు హాథార్న్ నుండి మాస్‌కు మారియుండినచో ఏడాది చివర లెక్క తలక్రిందులై, మాస్ 42, హాథార్న్ 41 అగును. అనగా సాక్ష్యము చెప్పియు మాస్ ఛాంపియను అయ్యెడివాడు!

ఒకే మధ్యాహ్నము అతడు రెండు విధముల ఆ కిరీటమును పోగొట్టుకొనెను. ఒకటి కన్ను పొరబడి, రెండవది కన్ను చూచినది చెప్పి. మొదటిది దురదృష్టము, తలచుకొనిన చింత కలుగును, సిగ్గు కలుగదు. రెండవది ఎన్నుకొన్న నష్టము; తలచుకొనినను చింత కలుగదు. నేను పొందిన లాభము దీనికి సరిగా వ్యతిరేకము. మనుష్యుడు తాను పోగొట్టుకొన్న వానితో సులభముగా బ్రతుకగలడు; తనది కాని దానిని ఉంచుకొని బ్రతుకుటయే బరువు.

ఆ కాలపు పందెములు ఎంత భయంకరమైనవో చెప్పక ముగించినచో ఈ కథకు న్యాయము చేసినట్లు కాదు. కారు ఇయ్యని ముస్సో 1958 జులై 6న ఫ్రాన్సు పందెములోను, కారు ఇచ్చిన కాలిన్స్ ఆగస్టు 3న జర్మనీ పందెములోను మరణించిరి. కాలిన్స్ హాథార్న్‌కు ప్రాణమిత్రుడు. అతడు పోయిన మూడు వారములకే పోర్టో పందెము జరిగెను. కాసాబ్లాంకాలో మాస్ జట్టులోని స్టువర్ట్ లూయిస్ ఎవాన్స్ మంటలలో చిక్కి, ఆరు దినములకు మరణించెను. ఛాంపియను అయిన హాథార్న్ పందెములకు స్వస్తి చెప్పి, 1959 జనవరి 22న ఇంగ్లండులో మామూలు రహదారిపై కారు ప్రమాదమున, ఇరువదితొమ్మిదేండ్ల వయస్సున పోయెను. కిరీటము అతని తలపై నిలిచినది దాదాపు మూడు నెలలే. మాస్ నాడు మౌనము వహించియుండిన, ఆ మూడు నెలల సంతోషమును స్నేహితుని నుండి దొంగిలించినవాడు అయ్యెడివాడు. అది అతనికి ముందుగా తెలియదు. మనకును తెలియదు, ఎవరి సంతోషము ఎన్ని నెలలో.

మాస్‌కు ఛాంపియను పదవికంటె పెద్ద కీర్తి దక్కెనని, కావున ధర్మము ఫలించెనని చెప్పి ముగించుట సులభము. అట్లు చెప్పుటకు నేను ఇష్టపడను. ఫలము చూపి ధర్మమును అమ్ముట, వెల చూచి సత్యమును కొనుట వంటిదే. ధర్మము ఫలింపకపోయినను పోర్టోలోని ఆ మాట చెప్పవలసినదే. మన సంఘములలో ఎన్నికలు వచ్చును, లెక్కలు వచ్చును, అన్నదమ్ముల పంపకములు వచ్చును. గిట్టనివానిపై తప్పు నింద పడునపుడు, అది తప్పని మన ఒక్కరికే తెలిసియుండు సమయము ప్రతివాని జీవితములోను ఒకమారైనను వచ్చును. అప్పుడు సభలో లేచి, "నేను చూచితిని, అతడు బాటపై లేడు, కాలిబాటపై నున్నాడు" అని చెప్పుటకు పాండిత్యము అక్కరలేదు, ధనము అక్కరలేదు. లేచిన చాలును. నేను లేవలేదు. పాఠకులు లేతురు గాక.